సీటా అమల్లో ఉన్నట్టా, లేనట్టా?

ప్రణీత:
కెనడాకీ యూరోపియన్ యూనియన్‌కీ మధ్య కుదిరిన సీటా అనే వాణిజ్య ఒప్పందం 2017 నుంచి నడుస్తోందని ఒకచోట చదివాను. ఫ్రాన్స్ సెనేట్ దాన్ని తిప్పికొట్టిందని ఇంకోచోట చదివాను. తిప్పికొట్టాక కూడా ఎలా నడుస్తోంది?

భాస్కర్:
రెండూ నిజమే ప్రణీత గారూ. నేను మాంట్రియల్‌లో ఒక కస్టమ్స్ బ్రోకర్ దగ్గర పనిచేస్తాను. నాకు సీటా అంటే ఇన్వాయిస్ అడుగున ఉండే ఒక వాక్యం. ఈ సరుకు యూరోపియన్ యూనియన్‌లో తయారైందని ఎగుమతిదారు ఇచ్చే హామీ అది. అది ఉంటే ఇటలీ లెదర్ షూలకు సుంకం సున్నా, లేకపోతే 18 శాతం. పోయిన చలికాలం ఒక ఎగుమతిదారు ఆ వాక్యం రాయడం మర్చిపోయాడు. సరుకు ఆగిపోకూడదని మా క్లయింట్ సుంకమంతా కట్టేశారు. రీఫండ్ వచ్చేదాకా నాకు టెన్షనే. ఇంకో మాట, షూలు ఇటలీ నుంచి బయల్దేరితే సరిపోదు. వియత్నాంలో కుట్టినవాటిని ఇటలీ గోడౌన్‌లో పెట్టెలు మార్చి పంపితే ఆ వాక్యం చెల్లదు.

ఇక మీ ప్రశ్న. సుంకాలు బ్రస్సెల్స్, అంటే యూరోపియన్ యూనియన్ కేంద్రం చేతిలో ఉన్న విషయం, వాటికి ఒక్కో దేశం పార్లమెంటునీ అడగనక్కర్లేదు. 2017 ఫిబ్రవరిలో యూరోపియన్ పార్లమెంట్ 408-254 ఓట్లతో ఒప్పుకుంది. సెప్టెంబర్ 21 నుంచి ఒప్పందంలో చాలా భాగం ‘తాత్కాలికంగా’ అమల్లోకి వచ్చింది. విదేశీ పెట్టుబడిదారులు ప్రభుత్వాల మీద కేసు వేసుకునే ప్రత్యేక కోర్టు మాత్రం సభ్యదేశాలన్నీ ఆమోదిస్తేనే మొదలవుతుంది. అదే ఆగిపోయింది. తమ సంప్రదాయ హలూమీ చీజ్ పేరుకు ఒప్పందంలో రక్షణ లేదని సైప్రస్ పార్లమెంట్ 2020లో కాదంది. ఫ్రాన్స్ సెనేట్ 2024 మార్చిలో 211-44తో కాదంది. అయితే ఈ రెండు ప్రభుత్వాలూ ‘ఇక మావల్ల కాదు’ అని బ్రస్సెల్స్‌కు అధికారికంగా చెప్పలేదు. అలా చెప్పనంతకాలం తాత్కాలిక అమలు సాగుతూనే ఉంటుంది.

కిరణ్:
అంటే ఆ ఓట్లకు విలువ లేనట్టేగా? అమెరికాతో యూరోపియన్ యూనియన్ అనుకున్న టీటిప్ వాణిజ్య ఒప్పందం కూడా ఇలాగే ఆగిందా?

భాస్కర్:
మీ బాధ నాకు అర్థమవుతోంది కిరణ్ గారూ. ఎన్నుకున్న సభ కాదన్నాక ఆ ఫైలు ఏళ్ల తరబడి సొరుగులో ఉండడం నాకూ నచ్చదు. అయితే ఓటుతో ఏమీ జరగదనీ అనలేను. 2016 అక్టోబర్‌లో బెల్జియంలోని వలోనియా ప్రాంతం ఒక్కటే అడ్డం తిరిగితే సంతకాల సభే వాయిదా పడింది, అప్పటి కెనడా ప్రధాని ట్రూడో ప్రయాణం ఆగింది. చివరికి 30న సంతకాలయ్యాయి. కానీ ఆ కోర్టు యూరప్ చట్టాలకు సరిపోతుందో లేదో యూరోపియన్ న్యాయస్థానాన్ని అడుగుతామని బెల్జియం చేత మాట ఇప్పించుకున్నాకే. సరిపోతుందని 2019లో జవాబొచ్చింది.

టీటిప్ సంగతి వేరు. అది సంతకాల దాకా రానే లేదు. 2013లో మొదలై 15 విడతలు చర్చించి, 2016 చివర్లో ఆగింది. 2019లో యూరప్ దేశాలే ఆ పాత చర్చల అనుమతికి కాలం చెల్లిందన్నాయి.

ప్రణీత:
ఇప్పుడు తేలింది, థాంక్స్. మరి కొత్త ఒప్పందాలూ ఇలాగే సగంలో ఆగుతాయా?

భాస్కర్:
దక్షిణ అమెరికాలోని మెర్కోసూర్ వాణిజ్య కూటమి దేశాలతో 1999లో మొదలైన చర్చలు 2024 డిసెంబర్‌లో మాంటెవిడియోలో ముగిశాయి. అందులో ఆ పెట్టుబడి కోర్టు అసలు పెట్టనే లేదు, కాబట్టి సీటాలోలా ఆ కోర్టు దగ్గర ఆగే సమస్య అక్కడ రాదు.