లాడ్జికి ఏ ఫైర్‌వాల్? లైసెన్సుది కొనాలా, రూటర్లో ఉన్నది చాలా?

లాడ్జి మేనేజర్, తిరుపతి:
మాది బస్టాండు దగ్గర 40 గదుల లాడ్జి. రిసెప్షన్‌లో రెండు కంప్యూటర్లు, 24 సీసీ కెమెరాలు, యాత్రికులకు వైఫై. అన్నీ ఒకే రూటరు మీద నడుస్తున్నాయి. నెట్‌లోంచి వచ్చే దాడులను ఆపే నెక్స్ట్ జనరేషన్ (కొత్త రకం) ఫైర్‌వాల్ పెట్టించుకోమని మూడేళ్ల లైసెన్సుతో కొటేషన్ ఇచ్చారు. రూటర్లో ఉన్నది చాలదా అంటున్నారు మా ఓనరు. ఏం చేయమంటారు?

పల్ప్ ఫ్యాక్టరీ అకౌంట్స్, చిత్తూరు:
లైసెన్సుదే కొనండన్నా. తోతాపురి సీజన్లో, గేటు బయట మామిడి ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా, ఒకరోజు పొద్దున్నే కాటా కంప్యూటర్ తెరిస్తే ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి. డబ్బు కట్టమని ఒక నోటు. రెండు రోజులు రైతుల తూకాలు చేత్తో రాసుకున్నాం. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. మామూలు రూటరు కనెక్షన్ లోపలి నుంచి మొదలైందా, బయటి నుంచా అన్నదే చూస్తుంది. కొత్త రకం అందులో ఏం వస్తోందో కూడా చూస్తుంది.

నెట్‌వర్క్ పని చేసేవాడిని, తిరుపతి:
అన్నా, ఆ కాటా కంప్యూటర్‌కు బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్, అంటే దూరం నుంచే దాన్ని నడిపే దారి, తెరిచి ఉందా?

పల్ప్ ఫ్యాక్టరీ అకౌంట్స్:
ఉంది. ఆడిటర్ గారు ఇంటి నుంచి చూసుకోవాలని రూటర్లో 3389 పోర్టు (నెట్ నుంచి లోపలికి వచ్చే ద్వారం) తెరిపించాం. పాస్‌వర్డ్ కూడా సులువుదే.

నెట్‌వర్క్ పని చేసేవాడిని:
చాలావరకు ఆ దారినే వచ్చి ఉంటారు. సరైన పాస్‌వర్డ్ కొట్టి లోపలికొస్తే ఎంత ఖరీదైన ఫైర్‌వాల్‌కైనా ఆడిటరూ దొంగా ఒకేలా కనిపిస్తారు. ఆ పోర్టు మూసి వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) పెట్టుకోవాలి.

ఇక లాడ్జి సంగతి. యాత్రికుల ఫోన్లలో నడిచేది దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ అయిందే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని గుప్తభాషలో ఉన్నదే. విప్పి చూడాలంటే ఒక్కో ఫోన్లో ఫైర్‌వాల్ సర్టిఫికెట్ వేయాలి. దర్శనానికి వచ్చి ఒక్క రాత్రి ఉండిపోయేవాళ్ల ఫోన్లలో అది కుదిరే పని కాదు. దానికి లైసెన్సు కట్టడం దండగ. మీకు కావలసింది వీల్యాన్‌లు (ఒకే వైరింగ్ మీద విడివిడి నెట్‌వర్క్‌లు) చేయగలిగే మామూలు స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్, అంటే కనెక్షన్ ఎటు నుంచి మొదలైందో చూసే రకం. వైఫై, కెమెరాలు, రిసెప్షన్ మూడూ వేరుచేయండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు టీటీడీ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది 445 పోర్టు మీద ఒక విండోస్ కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకేది. లోపలంతా ఒకటే నెట్‌వర్క్ అయితే వాకిట్లో పెట్టిన పెట్టె ఆ పాకడాన్ని ఆపలేదు.

పల్ప్ ఫ్యాక్టరీ అకౌంట్స్:
వీపీఎన్ మాట ఒప్పుకుంటాను. కానీ మా ఆఫీసులో ఎవరో ఒకరు మెయిల్లో వచ్చిన దొంగ బిల్లు తెరుస్తారు. అప్పుడు స్టేట్‌ఫుల్ ఏం చేస్తుంది?

నెట్‌వర్క్ పని చేసేవాడిని:
ఏమీ చేయదు. అందుకే మీలాంటి ఆఫీసుకైతే నేనూ లైసెన్సుదే చెప్తాను. కంప్యూటర్లు మీవే కాబట్టి సర్టిఫికెట్ వేయొచ్చు. కాకపోతే కొనేటప్పుడు పెద్దక్షరాల్లో వేసే ఫైర్‌వాల్ స్పీడు చూసి మోసపోకండి. అన్ని తనిఖీలూ ఆన్ చేస్తే ఎంత వస్తుందో అడగండి, అది చాలా తక్కువుంటుంది. లైసెన్సు ముగిస్తే కొత్త వైరస్‌ల అప్‌డేట్లూ ఆగిపోతాయి.

లాడ్జి మేనేజర్:
ఓనరు ఫోన్లో చూసుకోవాలని మా కెమెరాల డీవీఆర్‌కూ పోర్టు తెరిపించాం. రేపు పొద్దున్నే మొదట అది మూయిస్తాను. కొటేషన్లో వీల్యాన్ మాటే లేదు, అదీ అడుగుతాను.