అడ్రసు బార్‌లో ఫోన్ నంబరు అనలిటిక్స్‌కి వెళ్తోంది, ఆపడం ఎలా?

ప్రశ్న: బుకింగ్ ఫారం నింపాక వచ్చే థాంక్యూ పేజీ లింకులో కస్టమర్ మొబైల్ నంబరు మొత్తం కనిపిస్తోంది. సైటుకొచ్చేవాళ్ల లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్ 4 రిపోర్టుల్లోనూ అదే పడుతోంది. నంబరుని హ్యాష్ చేసి, అంటే గజిబిజి కోడ్‌గా మార్చి పంపితే సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెలవి. అంటే మొత్తం 400 కోట్లే. ఎస్‌హెచ్‌ఏ-256 లాంటి గట్టి హ్యాష్ పద్ధతి అయినా సరే, ఒక్క గ్రాఫిక్స్ కార్డుతో అన్నిటికీ హ్యాష్ కట్టి నిమిషాల్లో అసలు నంబరు పట్టేయొచ్చు. ముందు ఫారంని గెట్ (వివరాలు లింకులోనే పెట్టే పద్ధతి) నుంచి పోస్ట్‌కి (లింకులో కనపడకుండా పంపే పద్ధతికి) మార్చండి. థాంక్యూ పేజీకి ఆర్డర్ ఐడీ చాలు. అది కూడా 1001, 1002 అని వరసగా ఉండకూడదు, పక్కవాళ్ల బుకింగ్ ఊహించి తెరిచేస్తారు.

జవాబు 2: ఆలోగా అనలిటిక్స్ అడ్మిన్‌లో మీ డేటా స్ట్రీమ్ (మీ సైటు డేటా వచ్చే దారి) తెరిచి, డేటా రిడాక్షన్‌లో (డేటాని చెరిపేసే సెట్టింగ్‌లో) ఆ పారామీటర్ పేరు, అంటే లింకులో నంబరుకి ముందుండే పేరు చేర్చండి. ఈమెయిల్‌నైతే అదే గుర్తుపడుతుంది గానీ ఫోన్ నంబరుకి పేరు మనమే ఇవ్వాలి. ఇప్పటికే చేరిన డేటాని ఇది ముట్టుకోదు, దానికి డిలీషన్ రిక్వెస్ట్ విడిగా పెట్టాలి.

జవాబు 3: అదే పేజీలో ఇంకో కంపెనీ యాడ్ పిక్సెల్ (ప్రకటనల కోసం ట్రాక్ చేసే చిన్న కోడ్) ఉంటే? గూగుల్ రిడాక్షన్ దాన్ని ఆపదు, అది పూర్తి లింకు చదివేసుకుంటుంది. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ ఫిల్టర్‌లో నంబరు చివరి 4 అంకెలు కొట్టండి, ఎవరెవరికి పోతోందో వరసగా కనిపిస్తుంది. సర్వర్ యాక్సెస్ లాగ్‌లు (తెరిచిన ప్రతి లింకూ రాసిపెట్టే ఫైళ్లు) కూడా తుడవాలి, అందరూ మర్చిపోయేది అదే.