స్టీల్ బిల్డింగ్ బడ్జెట్: పరోక్ష ఖర్చులకు శాతం వేస్తే చాలా, విడిగా లెక్క కట్టాలా?

షెడ్డు_ఓనరు:
గోడౌన్, పక్కన చిన్న ఆఫీసు కలిపి స్టీల్ బిల్డింగ్ కట్టిద్దామని బడ్జెట్ వేసుకుంటున్నాను. స్టీలు, ఫ్యాబ్రికేషన్ (ఫ్యాక్టరీలో కోసి, వెల్డ్ చేయడం), ఎరెక్షన్ (సైట్‌లో నిలబెట్టి బిగించడం), రూఫ్ షీట్లు, పునాదులు అన్నీ టన్నుల్లో, చదరపు మీటర్లలో తేలాయి. డిజైన్ ఫీజు, పర్మిషన్లు, ఇన్సూరెన్స్, సైట్ ఆఫీసు, టెంపరరీ కరెంటు, వాచ్‌మన్, సూపర్‌వైజర్ జీతం లాంటి పరోక్ష ఖర్చులకు మాత్రం మా కన్సల్టెంట్ మొత్తం మీద 10 శాతం వేసి వదిలేశారు. అకౌంట్స్ చూసే మా బావమరిది అది గుడ్డిలెక్క అంటున్నాడు. మీరేమంటారు?

పాత_ఎస్టిమేటర్:
మీ కన్సల్టెంట్ చేసింది తప్పేం కాదండీ. డ్రాయింగులు పూర్తి కాకముందు టన్నేజే అటూ ఇటూ ఊగుతుంటుంది. అలాంటప్పుడు వాచ్‌మన్ జీతం దగ్గర పైసలతో సహా లెక్క రాసుకుంటే ఒరిగేదేముంది? ఇలాంటి పనులు కొన్ని చేసినవాళ్లకు శాతం ఎంత పెట్టాలో చేతికే తెలిసిపోతుంది.

సైట్_ఇంజనీరు:
గురువుగారూ, మొదటి అంచనా వరకైతే ఒప్పుకుంటాను. బ్యాంకు లోను దాకా వెళ్లే బడ్జెట్‌లో మాత్రం శాతం కుదరదు. స్టీలు ధర మారితే శాతం లెక్కన వచ్చే మొత్తం మారుతుంది. సైట్ ఖర్చు మారేది నెలలు మారితే.

ప్రత్యక్ష ఖర్చు 100 అనుకోండి, అందులో ముడి స్టీలు 40. స్టీలు ధర పావువంతు తగ్గితే 100 కాస్తా 90 అవుతుంది, మీ 10 శాతం 9కి దిగుతుంది. మరి స్టీలు చవకైందని సూపర్‌వైజర్ జీతం తగ్గించుకుంటాడా?

ఇంకో వైపు నుంచి చూడండి. డిజైన్, పర్మిషన్, సాయిల్ టెస్ట్ లాంటి ఒక్కసారి ఖర్చులు 4 అనుకుందాం. సైట్ నడపడానికి నెలకు 1 చొప్పున 6 నెలలకు 6. మొత్తం 10, అంటే కన్సల్టెంట్ గారి లెక్కే. పని 2 నెలలు ఆలస్యమైతే అది 12 అవుతుంది. స్టీలు కిలో కూడా పెరగలేదు కాబట్టి శాతం లెక్కలో ఈ 2 ఎక్కడా కనపడదు.

స్టీల్ పనిలో ఆ ఆలస్యం ఎక్కడ వస్తుందో కూడా చెప్తాను. పునాదులు అయిపోతాయి. కాలమ్‌లను బిగించడానికి పునాదిలో పాతిన యాంకర్ బోల్టుల మరలకు గ్రీజు రాసి, పాలిథిన్ కవర్ చుట్టి పెడతారు. అక్కడ షాప్ డ్రాయింగులు (ఒక్కో ముక్క ఎలా తయారు చేయాలో ఫ్యాబ్రికేటర్ గీసేవి) ఇంకా అప్రూవల్ కోసం తిరుగుతుంటాయి, స్టీలు ఫ్యాక్టరీ గేటు దాటదు. ఇక్కడ సైట్ ఆఫీసు నడుస్తూనే ఉంటుంది, వాచ్‌మన్ ఉంటాడు, ఇన్సూరెన్స్ గడువు కరుగుతుంటుంది, ఫ్యాబ్రికేటర్‌కు ఇచ్చిన అడ్వాన్సు మీద వడ్డీ పెరుగుతుంటుంది. స్టీల్ బిల్డింగ్‌లో సైట్ మీద ఏమీ లేవకముందే పెద్ద మొత్తం చేయి దాటిపోతుంది కదా. అందుకే కాంక్రీటు బిల్డింగులకు వాడే శాతాన్ని దీనికి ఎత్తి పెట్టకూడదు. సైట్ నెలలు తక్కువైనా వడ్డీ ముందే మొదలవుతుంది.

ఫ్యాబ్రికేటర్_అన్న:
లెక్క బాగానే ఉంది తమ్ముడూ, కొటేషన్ ఇచ్చేవాడి బాధ కూడా విను. ఓనర్లు అడిగేది కిలో రేటు. ఈ పరోక్ష ఖర్చులను ఓవర్‌హెడ్ అని విడిగా ఒక లైన్ రాశామంటే మొదటి కత్తి దాని మీదే పడుతుంది. అందుకే అంతా రేటులో కలిపేస్తాం. ఓనరుకు బేరం తేలిక, మాకు బిల్లింగు తేలిక.

సైట్_ఇంజనీరు:
అన్నా, మరి డిజైనర్ కష్టపడి 200 టన్నుల బిల్డింగును 180కి తెచ్చాడనుకో. మీ సైట్ ఖర్చు అంతే ఉంటుంది, చేతికి వచ్చే ఓవర్‌హెడ్ మాత్రం పదోవంతు తగ్గుతుంది. అప్పుడు బరువు తగ్గించమని మీరెందుకు చెప్తారు? టన్నులు పెరిగితే తిరకాసు ఓనరుకు, సైట్ నెల కూడా పెరగకపోయినా ఓవర్‌హెడ్ ఎక్కువ కడతాడు. విడిగా రాస్తే ఇద్దరికీ మంచిదే.

ఫ్యాబ్రికేటర్_అన్న:
బరువు తగ్గితే మాకు దెబ్బే, కాదనను. కానీ విడిగా రాసిన లైన్‌ను కోయనని ముందు ఓనరు గారిని మాటివ్వమను 😄

క్వాలిటీ_మేడం:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. క్రేన్ ఎందులో వేశారు? ఎరెక్షన్ రేటులో ఉందని ఓనరు, సైట్ ఖర్చుల్లో ఉందని కాంట్రాక్టరు అనుకుంటారు, చివరికి ఎక్కడా ఉండదు. లేదా రెండు చోట్లా ఉంటుంది. వెల్డింగుకు అల్ట్రాసోనిక్ టెస్టులు, పెయింటు మందం చెకింగు, థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ కూడా ఇంతే. ఎందులో రాస్తారన్నది నాకు పట్టింపు లేదు, ఒక్క చోటే ఉండాలి.

క్రేన్ ఊరికే నిలబడ్డ రోజులకు కూడా డబ్బు పెట్టుకోండి. ఒక్క కాలమ్ దగ్గర యాంకర్ బోల్టులు 20 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా కాలమ్ అడుగున ఉండే బేస్ ప్లేటు వాటి మీదకి దిగదు. రంధ్రం పెంచొచ్చా లేదా అని డిజైనర్ తేల్చేదాకా ఆ కాలమ్ దగ్గర హుక్కు గాల్లోనే, అద్దె మాత్రం మీటర్ మీదే. గాలి ఎక్కువున్న రోజూ అంతే.

పాత_ఎస్టిమేటర్:
క్రేన్ విషయం మేడం కరెక్టుగా చెప్పారు. నెలల లెక్క కట్టండి, నేను అడ్డు చెప్పను. కాకపోతే ఆ నెలలు ఎవరిచ్చిన షెడ్యూలులోవి? కాంట్రాక్టరు ఆశపడి ఇచ్చిన 6 నెలలు పెట్టుకుంటే మీ విడి లెక్క కూడా నా శాతం లాంటిదే. కట్టిన మొత్తాన్ని చివర్లో శాతంగా మార్చి పాత పనులతో పోల్చండి, బాగా తక్కువ వస్తే ఏదో మర్చిపోయినట్టే. ఇంకొకటి, అనుకోని ఖర్చులకు పెట్టే కంటింజెన్సీని ఇందులో కలపొద్దు. వాచ్‌మన్ జీతం అనుకోని ఖర్చు కాదు.

షెడ్డు_ఓనరు:
అందరికీ థాంక్స్. ఇప్పుడే కన్సల్టెంట్‌కి ఫోన్ చేసి అడిగాను. ఆ 10 శాతంలోనే కంటింజెన్సీ కూడా ఉందట. క్రేన్ సంగతి చూసి చెప్తానన్నారు.

సైట్_ఇంజనీరు:
అయితే మీ పరోక్ష ఖర్చులకు 10 కూడా లేదన్నమాట. ముందు కంటింజెన్సీని, వాటిని విడగొట్టించండి. ఫ్యాబ్రికేటర్ దగ్గర షాప్ డ్రాయింగుల తేదీలు రాతపూర్వకంగా తీసుకుని ఇక్కడ పెట్టండి, నెలలు ఎన్నో అప్పుడు చూద్దాం.