వేరొకరి మెషీన్‌ను మెరుగుపరిస్తే పేటెంట్ మనకొస్తుందా?

లేత్ శీను: మా దగ్గర ఒకాయన వేరుశెనగ కాయలు ఒలిచే మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నారు. అందులో పప్పు బాగా విరిగిపోతోంది. కాయ సైజును బట్టి జల్లెడకీ రోలర్‌కీ మధ్య సందు దానంతటదే సర్దుకునేలా నేను స్ప్రింగులు పెట్టాను. దీనికి పేటెంట్ వేసుకోవచ్చా? ఆయన్ని అడగాలా?

చలపతి: వేసుకోవచ్చు, అడగక్కర్లేదు. మార్పు కొత్తదై ఉండాలి, ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు. కానీ ఆయన పేటెంట్ అమల్లో ఉన్నంత కాలం మీ మెషీన్ చేసి అమ్మాలంటే ఆయన లైసెన్స్ కావాలి.

ఫిట్టర్ బాబాయ్: ఇదేం చోద్యం! పేటెంట్ ఇచ్చేదీ వాళ్లే, చేయొద్దనేదీ వాళ్లే. మరి ఆ కాగితం గోడకి తగిలించుకోవడానికా?

చలపతి: పేటెంట్ అంటే ఇతరులను ఆపే హక్కు బాబాయ్, మనం చేసుకోవడానికి పర్మిషన్ కాదు. న్యూకోమెన్ ఆవిరి ఇంజన్‌ను మెరుగుపరిచి 1769లో పేటెంట్ పొందిన జేమ్స్ వాట్ కూడా, ముందుకూ వెనక్కూ కదిలేదాన్ని గుండ్రంగా తిప్పే క్రాంక్ మీద పేటెంట్ 1780లో పికార్డ్ అనే ఆయన చేతికి వెళ్తే పళ్ల చక్రాలతో వేరే దారి వెతుక్కున్నాడు.

ఫిట్టర్ బాబాయ్: ఇంగ్లండు కథలెందుకు. గోడకా, కాదా?

మధు_గుంటూరు: పేటెంట్ ఆఫ్ అడిషన్ వేయండి. రెన్యువల్ ఫీజు ఉండదు.

చలపతి: అది సొంత పేటెంట్‌కి తాను చేసుకున్న మెరుగుకే. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 54 చూడండి.

కిరణ్: 2013లో గ్లీవెక్ అనే క్యాన్సర్ మందు కేసు కొట్టేశారుగా, తెలిసిన పదార్థానికి చేసే చిన్న మార్పు చాలదనే సెక్షన్ 3(డి) కింద.

లేత్ శీను: అన్నా, అది మందుల గొడవ. నాది శెనక్కాయ.

రమ: నేను అవతలి వైపు మనిషిని. మేం అప్పు చేసి తయారుచేసిన మెషీన్‌లో ఒకడు బోల్టు పక్కకి జరిపి ‘మెరుగు’ అన్నాడు. లేత్ మీద గిన్నెలు పట్టి ఉంచే అమరిక కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది, వర్క్‌షాప్‌లో చేసే మామూలు మార్పు చాలదని.

ఫిట్టర్ బాబాయ్: అంటే షెడ్డులో పుట్టింది ఆవిష్కరణ కాదా? బ్లోయర్ రెక్కల వంపు మార్చింది నేను, పేటెంట్ మా ఓనర్ పేరు మీద. అందులో నా పేరు ఎక్కడా లేదు. మీ కోర్టులు ఓనర్లకే.

రమ: మీ ఓనర్ మీద కోపం నా మీద చూపకండి. పైసా పెట్టనివాడు మా కష్టం మీద సంపాదిస్తే మేం చూస్తూ ఊరుకోవాలా?

లేత్ శీను: రమ గారూ, నా టెన్షన్ అదే, తిరగేసి. లైసెన్స్ అడగడానికి వెళ్తే ఆయన స్ప్రింగులు చూసి రేపు తనే పెట్టుకుంటారు.

రమ: అయితే ముందు ప్రొవిజనల్ అప్లికేషన్, అంటే తేదీ ఖాయం చేసుకునే తొలి దరఖాస్తు వేసి, తర్వాత వెళ్లండి. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే మెరుగు మొత్తం వివరించే పత్రం ఇవ్వాలి. మీకు పేటెంట్ వస్తే ఆయనకీ మీ లైసెన్స్ కావాలి. ఆయన లైసెన్స్ ఇవ్వకపోతే పేటెంట్ ఆఫీసు అధికారి కంట్రోలర్‌ని అడగడానికి సెక్షన్ 91 ఉంది, మీ మెరుగుకి పరిశ్రమలో గట్టి విలువ ఉండాలి, మీరూ ఆయనకి సరైన షరతులతో లైసెన్స్ ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలి.

చలపతి: అంతకంటే ముందు ఆయన రెన్యువల్ కడుతున్నారో లేదో చూడండి. మానేసి ఉంటే పేటెంట్ ఎప్పుడో పోయి ఉంటుంది. ఇంకోటి, మీ స్ప్రింగులు ఇప్పటికే ఎవరికైనా బిగించారా?

లేత్ శీను: మా ఊళ్లో ఇద్దరు రైతులకి బిగించాను. పోయిన సీజన్‌లో.

చలపతి: ట్రయల్‌కా, అమ్మారా? ట్రయల్ కోసమే అయి, అప్లికేషన్ వేసేనాటికి ఏడాది దాటకపోతే సెక్షన్ 32 ఆదుకోవచ్చు. అమ్మితే కొత్తదనం పోయినట్టే.

లేత్ శీను: ఒకాయన దగ్గర స్ప్రింగుల ఖర్చు తీసుకున్నాను. అది అమ్మకం కిందికి వస్తుందా?

ఫిట్టర్ బాబాయ్: బిల్లు ఇచ్చావా?