పగులు చివర రంధ్రం వేస్తే సరిపోతుందా?

కొత్తఫిట్టర్: ప్రెస్ ఫ్రేములో స్టీలు ప్లేటుకి 30 మి.మీ. పగులు వచ్చింది. చివర 8 మి.మీ. రంధ్రం వేసి నడిపేద్దాం అంటున్నారు మావాళ్లు. వేయొచ్చా?

గ్రీజుచేతులు: నిక్షేపంగా. పగులు మొన సూదిలాంటిది, ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది. రంధ్రంతో మొద్దుబారుతుంది. నేను ఎన్నో వేశాను, ఒక్కటీ తిరిగి రాలేదు.

లెక్కలబాబు: తిరిగి రాలేదా, మీరు తిరిగి చూడలేదా? మందం ప్లేటులో పగులు పైకి కనబడేదానికన్నా లోపల ముందుకు పోయి ఉండొచ్చు. మొన దాటి వేయకపోతే ఆ రంధ్రం దండగ.

గ్రీజుచేతులు: 8 బదులు 12 వేయమనండి.

లెక్కలబాబు: సైజు గురించి కాదండీ నేనడిగేది.

దారినపోయేవాడు: స్టీలే కదా, ఎండ్యూరెన్స్ లిమిట్ (ఎన్నిసార్లు లోడు పడినా పగలని ఒత్తిడి హద్దు) లోపల నడిపితే ఎన్నేళ్లయినా ఏం కాదు.

లెక్కలబాబు: ఆ లిమిట్ పగులు లేని నునుపు ముక్కకి. పగులు పుట్టాక, అది ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే పారిస్ సూత్రం చూడాలి. స్టీలుకి ఘాతాంకం సుమారు 3. లోడు హెచ్చుతగ్గులు రెట్టింపైతే పగులు వేగం దాదాపు 8 రెట్లు.

గ్రీజుచేతులు: ఘాతాంకాలు చెప్పేవాళ్లెవరూ రాత్రి రెండింటికి మెషీన్ కింద దూరరు బాబూ.

లెక్కలబాబు: దూరాను. విరిగిన షాఫ్టు ముక్క నా చేతుల్లో పెట్టారు. కీవే (షాఫ్టులో కీ కూర్చునే గాడి) మూల నుంచి మొదలై ఆల్చిప్ప మీద ఉన్నట్టు వంపు చారలు. ముప్పావు వంతు నునుపు, చివరి పావు మాత్రం గరుకు. అంటే చాన్నాళ్లుగా పగులుతూనే ఉంది. రిజిస్టర్‌లో ఎవరో సీనియర్ 'తాత్కాలిక రిపేరు' అని రాశారు, మళ్లీ ఎప్పుడు చూడాలో రాయలేదు. చివరి సంతకం నాది. మెమో నాకే వచ్చింది.

గ్రీజుచేతులు: అదా మీ కడుపుమంట! రంధ్రం మీద కాదన్నమాట. నేను వేసినవి వారానికోసారి నేనే చూసుకుంటాను.

లెక్కలబాబు: ఎక్కడైనా రాస్తారా?

గ్రీజుచేతులు: గుర్తుంటుంది.

లెక్కలబాబు: మీరు సెలవు పెడితే?

దారినపోయేవాడు: 😬

కొత్తఫిట్టర్: సార్, మీరు పోట్లాడుకునే లోపు డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకే రంగు) కొట్టాం. ఎర్ర రంగు తుడిచి తెల్ల డెవలపర్ చల్లితే, పగులు చివర అని చాక్‌పీసుతో పెట్టిన గుర్తు దాటి 4 మి.మీ. దాకా సన్నటి ఎర్ర గీత తేలింది. డ్రిల్లు ఆపించాను.

గ్రీజుచేతులు: వెనక వైపు కూడా కొట్టు. అక్కడ ఇంకా ముందుకు పోయి ఉంటుంది.

లెక్కలబాబు: కొట్టాక రాసి పెట్టు. తేదీతో.