మాంగా (జపాన్ కామిక్స్) బొమ్మల్లో చప్పుళ్లను చూపే శబ్దాక్షరాల్లో 'షి' గీసేటప్పుడు జీ-పెన్ను (సిరాలో ముంచి గీసే లోహపు పాళీ) సిరా చిమ్ముతోంది, ఏం చేయాలి?

జపాన్ లిపుల్లో ఒకటైన కతకనలో 'షి' (シ), 'త్సు' (ツ) అచ్చం కవలలు. 'షి'లో చిన్న గీతలు రెండూ ఎడమవైపు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పెద్ద గీత కింద మొదలై కుడివైపు పైకి పోతుంది. 'త్సు'లో చిన్నవి పక్కపక్కన, పెద్దది పైనుంచి ఎడమ కిందికి. మొదలు లావు, కొస సన్నం. కొస ఎటు సన్నబడిందో చూసే అక్షరాన్ని పోల్చుకుంటాం కాబట్టి దిశ తప్పకూడదు.

చిక్కల్లా పాళీతోనే. కిందికి లాగితే చీలిక విచ్చుకుని గీత చక్కగా లావవుతుంది. 'షి' కోసం పైకి తోస్తే మొన కాగితం పీచులో గుచ్చుకుని చుక్కలు పడుతున్నాయి. '135 కిలోల రకం' అనే మందపాటి మాంగా కాగితం మీదా అంతే. కాగితం తలకిందులు చేస్తే గీత బాగుంటోంది, అక్షరం వాలు మాత్రం చెడుతోంది.

చేత్తో శబ్దాక్షరాలు రాసేవాళ్లు కాగితాన్ని ఎంత తిప్పుతారు? లేక పెన్సిలుతో అంచు గీసుకుని కుంచె పెన్నుతో నింపుతారా? దయచేసి చెప్పండి.