కొత్తవాళ్లకు ఛాతీ బలం: బెంచ్ ప్రెస్‌తో మొదలా, దండీలతోనా (పుషప్‌లు)?

గోదారి కుర్రాడు:
మా తమ్ముడికి 22 ఏళ్లు, 58 కిలోలు ఉంటాడు. నిన్ననే జిమ్‌లో చేరాడు. మొదటి రోజే ట్రైనర్ బెంచ్ మీద పడుకోబెట్టి, బార్‌కి అటు పది కిలోలు, ఇటు పది కిలోలు వేసి ఎత్తించాడట. మా బాబాయ్ ఏమో "ఇరవై దండీలు తియ్యలేనివాడికి బార్ దేనికిరా?" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాత తాలింఖానా:
మీ బాబాయ్ మాటే వినండి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి. ఆ తరం వస్తాదులు పెరిగింది దండీలు, బస్కీల మీదే. దండీ తీస్తే ఛాతీతో పాటు భుజాలు, పొట్ట, నడుము అన్నీ పనిచేస్తాయి. భుజం రెక్కల ఎముకలు స్వేచ్ఛగా కదులుతాయి, బెంచ్ మీదైతే వీపు కింద నొక్కుకుపోతాయి. చేతకాకపోతే నేల మీద బోర్లా పడతావు, అంతే. బార్ గొంతు మీద పడితే?

బార్‌బెల్ బావ:
పెద్దాయనా, ఒకసారి లెక్క చూడండి. దండీలో చేతుల మీద పడేది ఒంటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. 58 కిలోల కుర్రాడికి 37, 38 కిలోలు. ఖాళీ ఒలింపిక్ బార్ 20 కిలోలే. ఏది తేలిక? ఆ ట్రైనర్ బెంచ్ ఎక్కించడం సరే, మొదటి రోజే 40 కిలోలు పెట్టడమే దారుణం. ఖాళీ బార్‌తో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, మూడు సెట్లు, వారానికి రెండు రోజులు చాలు. ఆఖరి సెట్లో కూడా పన్నెండు శుభ్రంగా వచ్చాక 2.5 కిలోలు పెంచాలి. దండీలో అలా కొంచెం కొంచెం పెంచమనండి చూద్దాం!

వంటింటి జిమ్:
ఎందుకు పెంచలేం బావగారూ? నేను మొదలుపెట్టినప్పుడు ఒక్క పుషప్ రాదు, ఖాళీ బార్ కూడా బరువే. వంటింటి గట్టు మీద చేతులు ఆనించి వాలుగా తీశాను. అది తేలికయ్యాక మంచం అంచు, ఆ తర్వాత నేల. చేతులు కిందికి దిగేకొద్దీ వాటి మీద బరువు పెరుగుతుంది. కాకపోతే మంచాన్ని గోడకి ఆనించి పెట్టుకోండి. మాది నున్నటి గ్రానైట్, మధ్యలో జరుగుతూ పోయేది.

బార్‌బెల్ బావ:
నేల దాకా ఒప్పుకుంటాను. ఆ తర్వాత? ముప్పై, నలభై తీస్తూ పోతే ఓపిక పెరిగినంతగా బలం పెరగదు.

పాత తాలింఖానా:
కాళ్లు స్టూలు మీద పెట్టించు. వీపుకి బ్యాగు తగిలించి అందులో పుస్తకాలు వెయ్యి.

బార్‌బెల్ బావ:
వంగగానే ఆ బ్యాగు మెడ మీదికి వస్తుంది. ఎప్పుడైనా చేసి చూశారా?

ఫిజియో మాట:
మీ గొడవలో భుజం సంగతి మర్చిపోయారు. ఏది చేసినా మోచేతులు రెక్కల్లా పక్కలకి విప్పకుండా, ఒంటికి 45 డిగ్రీల దగ్గర ఉంచమనండి. బెంచ్ మీద ఒంటరిగా ఉంటే బార్ చివర్లకి క్లిప్పులు పెట్టొద్దు. ఇరుక్కుంటే ఒక పక్కకి వంచితే ప్లేట్లు జారిపోతాయి, బయటపడొచ్చు. బొటనవేలు బార్ చుట్టూ ఉండాలి. ఛాతీకి చేసినన్ని సెట్లు వీపుకీ చెయ్యాలి. సోమవారం అన్ని జిమ్ముల్లోనూ బెంచ్ దగ్గర క్యూ ఉంటుంది, వీపు మాత్రం అద్దంలో కనబడదుగా! ఇంకొకటి, చిన్న జిమ్ముల్లో బార్‌లన్నీ 20 కిలోలు ఉండవు. కాటా మీద పెట్టి చూసుకోమనండి.

గోదారి కుర్రాడు:
తమ్ముణ్ణి అడిగాను. వాళ్ల జిమ్‌లో అన్నిటికంటే చిన్న ప్లేటు 2.5 కిలోలేనట. రెండు పక్కలా వేస్తే ఒకేసారి ఐదు కిలోలు పెరుగుతుంది కదా?

పాత తాలింఖానా:
ఇప్పుడు చెప్పు బావా, కొంచెం కొంచెం ఎలా పెంచుతావో!

బార్‌బెల్ బావ:
అదే బరువుతో పదిహేను వచ్చేదాకా ఆగి, అప్పుడు ఐదు వేయమనండి. లేదంటే 1.25 ప్లేట్లు ఒక జత కొనుక్కుని బ్యాగులో తీసుకెళ్లమనండి. పుస్తకాల కంటే తేలికే.